నయమవడమంటే ఏమిటి?

మన కథల్లో రోగులకు సాధారణంగా రెండే గతులు. చచ్చిపోతారు, లేకపోతే బాగుపడతారు. చచ్చిపోయిన రోగి సమాజంలోని అన్యాయానికి సాక్ష్యంగా పనికొస్తాడు. బాగుపడ్డ రోగి డాక్టరు మంచితనానికో, భార్య సేవకో, మనిషి సంకల్పబలానికో సాక్ష్యంగా పనికొస్తాడు. చావకుండా, పూర్తిగా బాగుపడకుండా, వుద్యోగం చేసుకుంటూ, వంట చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఏళ్ళతరబడి బతికే రోగి వల్ల కథకుడికి పెద్ద ప్రయోజనం లేదు. అటువంటి మనిషితో కథ ఎక్కడ ఆపాలో తెలియదు.

దీనికి కథకుల్ని ఒక్కళ్ళనే అనడం న్యాయం కాదు. ఆసుపత్రి రిజిస్టర్లోనూ, మన మాటల్లోనూ కూడా ఆ రెండు గళ్ళే వున్నాయి. "ఇప్పుడు నయమైపోయిందిగా?" అని అడిగేవాళ్ళు అవునో కాదో చెప్పమంటారు. మూడో జవాబు మొదలుపెట్టగానే వాళ్ళ ముఖంలో శ్రద్ధ తగ్గుతుంది. అంచేత యీ "నయం" అనే మాటను మనం ఎట్లా వాడుతున్నామో కొంచెం పరీక్షించి చూడటం అవసరమనుకుంటాను. ఇందుకు పూనుకోవడానికి కారణం నా సొంత అనుభవమే. కాని చెప్పదలచిన విషయం నా సొంతం కాదు.

2022 ఆగస్టులో నాకు మెదడువాపు వచ్చింది. అప్పటికి నాకు ముప్ఫైమూడేళ్ళు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుండేదాన్ని. మూడు రోజులు జ్వరం, తలనొప్పి. నాలుగో రోజు నుంచి లేని వాసనలు. ఏదో మాడుతోందంటూ పదిసార్లు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసి వచ్చానట. మా అక్కను మా మేనత్త పేరుపెట్టి పిలిచానట. దగ్గర్లోని ఒక నర్సింగ్‌హోములో "చదువుకున్న ఆడవాళ్ళకు మనసు మీద వొత్తిడి ఎక్కువ" అని చెప్పి నిద్రమాత్రలు ఇచ్చారు. అట్లా రెండు రోజులు పోయాయి. తరవాత ఫిట్సు వచ్చాయి. నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ వెన్నులోంచి నీరు తీయించి పరీక్షకు పంపి, ఫలితం రాకముందే అసైక్లోవిర్ అనే మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఎనిమిది గంటలకొకసారి, ఇరవైయొక్క రోజులు.

ఇందులో ఏదీ నాకు గుర్తులేదు. ఆ నెలన్నరలోంచి నాకు మిగిలింది సెలైన్ స్టాండు చక్రం చప్పుడు ఒక్కటే. అదైనా ఆ రోజులదేనని చెప్పడానికి రుజువు లేదు. నా జబ్బు కథకు నేను సాక్షిని కాను. పాతగ్రంథాన్ని పరిష్కరించేవాడు ప్రతులు పోగుచేసి పాఠాలు సరిచూసుకున్నట్టు, అక్క చెప్పిందీ, మా ఆయన చెప్పిందీ, ఆసుపత్రి కాగితాలు చెప్పిందీ పక్కపక్కన పెట్టుకుని దీన్ని తయారుచేశాను. నిద్రమాత్రల రోజులు అక్క లెక్కలో రెండు, ఆయన లెక్కలో ఒకటిన్నర. ఆ నర్సింగ్‌హోముకు నన్ను తీసుకుపోయింది ఆయన. కాగితాలు మాత్రం అక్క పక్షాన వున్నాయి.

మెదడువాపు అనే ఒకే పేరు కింద మనం చాలా జబ్బుల్ని కలిపేస్తాం. దోమలు మోసుకొచ్చే జపనీస్ మెదడువాపు వేరు. దానికి టీకా వుంది కాని, ఆ వైరస్ మీద పనిచేసే మందు లేదు. 2003లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 329 మంది పిల్లలకు వచ్చి 183 మందిని చంపిన మెదడువాపుకు చండీపురా వైరస్ కారణమని పరిశోధకులు తేల్చారు. దానికీ మందు లేదు. నాకు వచ్చింది హెర్పిస్ సింప్లెక్స్ మెదడువాపు. జ్వరం తగిలినప్పుడు పెదవి అంచున పొక్కులు లేపేది యీ వైరస్సే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం యాభై ఏళ్ళలోపు జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఒంట్లో ఇది కాపురముంటుంది. చాలామందికి ఏ అపకారమూ చెయ్యదు. ఏడాదికి పది లక్షలమందిలో ఇద్దరి నుంచి నలుగురికి మాత్రం మెదడులో చేరుతుంది. చేరినప్పుడు అది మెదడునంతటినీ సమానంగా పాడుచెయ్యదు. ముఖ్యంగా కణతల లోపలి భాగాన్ని పట్టుకుంటుంది. కొత్త జ్ఞాపకాలు నిలబడటానికి అవసరమైన హిప్పోకాంపస్ అనే చిన్న అంగం వుండేది అక్కడే.

అసైక్లోవిర్ చరిత్ర మన పాఠకులు తెలుసుకోదగ్గది. దాన్ని తయారుచేసి, పనిచేసే తీరును విప్పిచెప్పిన బృందానికి వెనక వున్న శాస్త్రజ్ఞురాలు గెర్ట్రూడ్ ఎలియన్. ఆమె 1918లో న్యూయార్కులో పుట్టింది. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాక పై చదువుకు ఆర్థిక సహాయం కోరి దరఖాస్తు పెట్టుకుంటే పదిహేను విశ్వవిద్యాలయాలు కాదన్నాయి. కొంతకాలం పచ్చళ్ళ పులుపూ, గుడ్డు సొన రంగూ పరీక్షించే వుద్యోగం చేసింది. పగలు స్కూల్లో పాఠాలు చెప్పి, రాత్రులూ సెలవురోజులూ ప్రయోగశాలలో గడిపి 1941లో ఎమ్మెస్సీ పూర్తిచేసింది. 1944లో ఒక మందుల కంపెనీలో చేరింది. డాక్టరేటు పూర్తిచెయ్యలేదు. 1988లో నోబెల్ బహుమతి పంచుకుంది. ఆమె శ్రమ ఫలితం ఒక కంపెనీకి లాభమైందనేది నిజమే. ఆ శ్రమ లేకపోతే నేను యీ వ్యాసం రాసేదాన్ని కాననేదీ నిజమే.

ఈ మందు ఆరోగ్యంగా వున్న కణంలో దాదాపు వూరుకుని వుంటుంది. వైరస్ తన అవసరానికి తయారుచేసుకునే ఒక ఎంజైమే దాన్ని మేలుకొలుపుతుంది. మేలుకున్న మందు వైరస్ డి.ఎన్.ఏ. గొలుసులో ఒక కొక్కెంలాగా దూరి, ఆ పైన గొలుసు పెరగకుండా చేస్తుంది. అంటే అది వైరస్ పెరుగుదలను ఆపుతుంది. అంతే. అప్పటికే చచ్చిన మెదడు కణాలను బతికించదు. అంచేత గంటలకు విలువ వుంది. మందు ఎంత ఆలస్యమైతే మిగిలే నష్టం అంత ఎక్కువ.

అంకెలు చూద్దాం. మందే లేనప్పుడు యీ జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి డెబ్భైమంది చనిపోయేవాళ్ళు. 1986లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరీక్షలో, పాత మందు తీసుకున్నవాళ్ళలో 54 శాతం, అసైక్లోవిర్ తీసుకున్నవాళ్ళలో 28 శాతం చనిపోయారు. ఇది గొప్ప విజయం. అయితే అదే పరీక్షలో ఇంకో అంకె వుంది. అసైక్లోవిర్ తీసుకున్న 32 మందిలో ఆరునెలల తరవాత మామూలుగా పనులు చేసుకుంటున్నవాళ్ళు 12 మంది. చనిపోయినవాళ్ళనూ, వీళ్ళనూ తీసేస్తే దాదాపు మూడోవంతు మిగులుతారు. ఆ తరవాత వచ్చిన పరిశీలనల్లో, జ్ఞాపకశక్తిని విడిగా పరీక్షించినప్పుడు, పైకి మామూలుగా కనిపించేవాళ్ళలో కూడా లోపాలు బయటపడ్డాయి. మొదటి అంకెను మనం పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. రెండో అంకెలో వున్న మనుషులు ఇళ్ళలో వుంటారు.

ఇంతకూ మిగిలేదేమిటి? "మతిమరుపు" అంటే సరిపోదు. పెరట్లో పెట్టిన కళ్ళద్దాలు మరిచిపోయేవాళ్ళంతా "మాకూ అంతేనమ్మా" అని నన్ను ఓదారుస్తారు. వాళ్ళకు కళ్ళద్దాలు కనిపించగానే పెట్టిన క్షణం గుర్తుకొస్తుంది. నాకు నా చేతిరాతలో వున్న కాగితం కనిపించినా, అది రాసిన క్షణం గుర్తుకురాదు. నిన్న క్లాసులో ఏం చెప్పానో కొన్నిసార్లు అసలు లేదు. మరిచిపోయిన చోట ఖాళీ వున్నట్టు కూడా తెలియదు.

అట్లా అని అన్నీ పోలేదు. చిన్నప్పుడు నాన్న నేర్పిన శతకపద్యాలు ఎక్కడివక్కడే వున్నాయి. ఎమ్మే చదివిన రోజులు కొంచెం మసకగా వున్నాయి. జబ్బుకు ముందు రెండేళ్ళు చెదలు తిన్న పుస్తకంలాగా వున్నాయి. పాతవి నిలిచి కొత్తవి ముందు పోతాయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిబో 1881లోనే రాశాడు. కాలిఫోర్నియాలో పరిశోధకులు పరీక్షించిన ఒక వృద్ధుడికి 1992లో ఇదే జబ్బు వచ్చింది. యాభై ఏళ్ళ కిందట వదిలి వచ్చిన వూరి దారులన్నీ ఆయన తప్పులేకుండా చెప్పగలిగాడు. జబ్బు తరవాత మారిన ఇంటి చుట్టూ వున్న వీధులు మాత్రం ఎన్నాళ్ళున్నా తెలియలేదు.

చేతికీ నోటికీ అలవాటైన విద్య ఇంకో విధంగా నిలుస్తుంది. ఏ పద్యమిచ్చినా గురులఘువులు గుర్తించి గణాలు విడదీసి యతిప్రాసలు చెప్పగలను. ఆ పద్యాన్ని పోయిన వారమే అదే క్లాసులో విడదీసి చూపించానని పిల్లలు చెబితే తప్ప తెలియదు. ఇక పాఠం మధ్యలో ఎవరైనా లేచి ప్రశ్న వేస్తే, జవాబు చెప్పేసరికి మొదలుపెట్టిన వాక్యం చేజారుతుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పని అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం. అవధాని దాన్ని తట్టుకుని చివర పద్యాలన్నీ ధారణ చేస్తే సభ చప్పట్లు కొడుతుంది. నాకు ఇప్పుడు ప్రతి క్లాసూ అవధానమే.

అన్నిటికన్నా విచిత్రమైంది పేర్ల సంగతి. రైతుబజారులో బుట్ట పట్టుకుని నిలబడి, "అదే, గీతలుగీతలుగా పొడుగ్గా వుంటుందే, తొక్కుతో పచ్చడి చేస్తామే" అంటాను. "బీరకాయా అమ్మా?" అంటుంది అమ్మే మనిషి. జల్లెడ, గరిటె, మూకుడు, త్రాసు, వీటి పేర్లు ఎప్పుడూ తడబడవు. కాకరకాయ, పాలపిట్ట, ముంగిస, ఇవి నోటి దాకా వచ్చి ఆగిపోతాయి. నా ఒక్కదానికే పట్టిన వింత అనుకున్నాను. కాదు. 1984లో వారింగ్టన్, షాలిస్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు యీ జబ్బు వచ్చి తేరుకున్న నలుగురిని పరీక్షించి ఇదే చెప్పారు. దిక్సూచి ఎందుకు పనికొస్తుందో సరిగా చెప్పిన మనిషి చిలుక అంటే ఏమిటో తెలియదన్నాడు. ప్రాణం లేని వస్తువుల జ్ఞానం నిలిచి, ప్రాణమున్నవాటి జ్ఞానం దెబ్బతిన్నది. వస్తువును అది చేసే పనిని బట్టీ, పిట్టనూ పండునూ రంగునూ రూపాన్నీ బట్టీ గుర్తుంచుకుంటామనీ, ఆ రెండో రకం జ్ఞానం వీళ్ళలో చెడిందనీ వారి వివరణ. దీని మీద తరవాత చాలా వాదోపవాదాలు జరిగాయి. పనిముట్టు జ్ఞాపకమే గట్టిదని తేలింది గనక శ్రమసిద్ధాంతానికి మెదడులో రుజువు దొరికిందని మనవాళ్ళెవరూ గంతులు వెయ్యనక్కర్లేదు. బీరకాయను నేను గుర్తుపట్టేది కూడా వంటలో అది చేసే పనిని బట్టే. అయినా పేరు రావడం లేదు.

ఈ సంగతుల నుంచి తేలే మొదటి విషయం భౌతికవాదులకు కొత్తది కాదు. జ్ఞాపకం ఆత్మగుణమనీ, అది జన్మజన్మలకూ వెంటవస్తుందనీ నమ్మేవాళ్ళు మనలో ఇప్పటికీ తక్కువ లేరు. పూర్వజన్మ మాట అట్లా వుంచి, పూర్వదినం గుర్తుండటానికే రెండంగుళాలైనా లేని మాంసపు ముక్క ఆరోగ్యంగా వుండాలి. దాన్ని ఒక వైరస్ తినేస్తే సరస్వతీ కటాక్షం ఎటుపోయిందో ఎవరూ చెప్పలేరు.

అయితే భౌతికవాదం ఇక్కడే ఆగిపోతే అది సగం భౌతికవాదం. మెదడులో ఇంత భాగం దెబ్బతిన్నది గనక మనిషి ఇంత తక్కువైపోయాడని లెక్కకట్టడం యాంత్రికం. బ్రిటన్‌లో క్లైవ్ వేరింగ్ అనే సంగీత విద్వాంసుడికి 1985లో యీ జబ్బు వచ్చింది. ఆయన జ్ఞాపకం కొద్ది క్షణాలకు మించి నిలవదు. ఇప్పుడే మొదటిసారి మేలుకున్నానని డైరీలో పదేపదే రాసుకున్నాడు. అయినా పియానో ముందు కూర్చోబెడితే వాయించగలిగాడు, గాయకుల బృందాన్ని నడిపించగలిగాడు. ఆ స్వరాల ముందు కూర్చున్నంత సేపూ ఆయన లోటు కనిపించదు. అంటే లోటు అనేది మెదడులో ఎంత వుందో, ఆ మనిషి ముందు ఏ పని పెట్టామన్నదాన్లో కూడా అంత వుంది. ఇటువంటి ప్రసిద్ధమైన ఉదాహరణల వల్ల ఒక నష్టమూ వుంది. అంత తీవ్రంగా లేనివాళ్ళను లోకం రోగులుగా ఒప్పుకోదు. "శుభ్రంగా మాట్లాడుతున్నావు, నీకేం?" అంటుంది.

వైద్యశాస్త్రం చెయ్యగలిగింది ఇంకా వుంది. మందు అయిపోయిన కొన్ని వారాలకు కొందరి పరిస్థితి మళ్ళీ దిగజారుతుంది. ప్రవర్తన మారుతుంది, నిద్రపోరు, భయపడతారు, పిల్లలైతే కాళ్ళూచేతులూ మెలికలు తిప్పుతారు. వైరస్ తిరగబెట్టిందనో, పిచ్చెక్కిందనో అనుకుంటారు. చాలాసార్లు అది రెండూ కాదు. ఒంట్లోని రక్షణవ్యవస్థే మెదడు మీద తిరగబడుతుంది. 2018లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం యీ జబ్బు పడినవాళ్ళలో నాలుగోవంతు మందికి పైగా ఇట్లా జరిగింది. దీనికి చికిత్స వుంది. త్వరగా కనిపెడితే మేలు జరుగుతుంది. కనిపెట్టాలంటే ఇంటికి పంపించిన తరవాత కూడా రోగిని చూసేవాళ్ళుండాలి. ఇంకోవైపు, అదే జాతి మందును మరి మూడు నెలలు మాత్రల రూపంలో ఇస్తే మతి మెరుగవుతుందేమోనని కూడా పరీక్షించారు. 2015లో వెలువడ్డ ఆ ఫలితంలో తేడా ఏమీ కనబడలేదు. అంటే వైరస్ మీద యుద్ధం అక్కడికి ముగిసినట్టే. ఆ తరవాత కావలసింది మాత్రలు కావు.

ఆ తరవాత ఏం కావాలో ఇంట్లో ముందు తెలిసింది. మన ఇళ్ళలో జ్ఞాపకం ఆడదాని పని. గ్యాసు ఎప్పుడు బుక్ చెయ్యాలి, పాలవాడికి ఎన్ని రోజులు బాకీ, పిల్ల ఫీజు ఏ తారీఖు, మామయ్యగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, ఫలానావారు మన పెళ్ళికి ఎంత చదివించారు, ఇదంతా ఒక బుర్రలో వుండాలి. ఇది శ్రమ అని ఎవరూ అనరు. బుర్ర పనిచేసినంతకాలం ఆ పని కనిపించదు. మగవాడు మరిచిపోతే పరధ్యానం, ఆడది మరిచిపోతే నిర్లక్ష్యం. మొదటి ఆరునెలలు మా అత్తయ్య నన్ను నిర్లక్ష్యం కిందే జమకట్టింది. తరవాత ఆమే వంటింటి గోడకు కేలండరు తగిలించింది. మామయ్యగారు తన మాత్రలు తానే లెక్కపెట్టుకుంటున్నారు. మా ఆయనకు పాల లెక్క వచ్చింది. ఎనిమిదేళ్ళ కూతురు రాత్రిపూట మర్నాటి పనులు పైకి చదువుతుంది. నేను పదేళ్ళు వాదించి సాధించలేని పంపకాన్ని జబ్బు సాధించింది. ఇది సంతోషించవలసిన విషయమో కాదో చెప్పలేను.

బయట సంగతి వేరు. నా డిశ్చార్జి కాగితం మీద "కోలుకున్నది" అని వుంది. అది తీసుకుని కాలేజీకి వెళితే, రెండు నెలలు చూసి, "పూర్తిగా నయమయ్యాక రండమ్మా" అన్నారు. వైకల్య ధ్రువపత్రం కోసం వెళితే నడుస్తున్నాను, మాట్లాడుతున్నాను, చదువుతున్నాను గనక నేను ఏ గడిలోనూ పట్టలేదు. ఆసుపత్రి దృష్టిలో నాకు నయమైంది. యాజమాన్యం దృష్టిలో నయం కాలేదు. ధ్రువపత్రమిచ్చేవాళ్ళ దృష్టిలో నాకు నయం కావలసింది ఏమీ లేదు. ఒకే మెదడు మీద మూడు తీర్పులు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆసుపత్రి ప్రాణాన్ని కొలిచింది, యాజమాన్యం గంటకు ఎంత పని వస్తుందో కొలిచింది, మూడోవారు కళ్ళకు కనిపించేదాన్ని కొలిచారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవైయొక్క రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో దీర్ఘకాలిక నాడీవ్యాధులు వున్నాయి. ఉదాహరణలుగా మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వ్యాధుల పేర్లున్నాయి. మెదడువాపు తరవాత మిగిలే మతినష్టానికి విడిగా పేరు లేదు. ప్రభుత్వ వుద్యోగి పనిలో వుండగా వైకల్యం పొందితే అతన్ని తీసెయ్యకూడదనీ, హోదా తగ్గించకూడదనీ, అవసరమైతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలనీ ఆ చట్టంలో 20వ సెక్షన్ చెబుతుంది. ఇది మంచి సెక్షన్. ప్రైవేటు కాలేజీలో ఏడాదికేడాది కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని తీసెయ్యనక్కర్లేదు. మళ్ళీ తీసుకోకపోతే చాలు.

ఇప్పుడు ఇంకో కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. ప్రతి క్లాసులో చివరి ఐదు నిమిషాలు పిల్లల చేత ఆ రోజు ఏం చెప్పుకున్నామో, ఎక్కడ ఆగామో, ఎవరు ఏమడిగారో రాయిస్తాను. మర్నాడు ఒకరు లేచి చదువుతారు. పాఠం అక్కణ్ణుంచి మొదలవుతుంది. పాఠం మధ్యలో ప్రశ్న వస్తే, నేను ఆపిన వాక్యాన్ని ముందు బెంచీ అమ్మాయి నోట్సులో రాసిపెట్టి వుంచుతుంది. ఇది నా కోసం పెట్టిన పద్ధతి. నేను సెలవు పెట్టిన రోజు కూడా పిల్లలు రాసుకున్నారంటే, వాళ్ళ కోసం కూడా పనికొస్తున్నదన్నమాట.

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. మనిషి జ్ఞాపకానికీ జంతువు జ్ఞాపకానికీ తేడా ఎక్కడుందంటే, మనిషి గుర్తు కోసం ముడి వేస్తాడు, కర్ర మీద గాటు పెడతాడు, అక్షరం రాస్తాడు అన్నాడు సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ. మన అమ్మమ్మలు కొంగుకు ముడి వేసుకునేవారు. ఆ ముడి జ్ఞాపకానికి గుర్తు మాత్రమే కాదు, జ్ఞాపకంలో ఒక భాగం. సగం తలలో, సగం కొంగులో. వైగోట్‌స్కీ సహచరుడు లూరియా 1943లో తలకు తూటా తగిలిన ఒక సైనికుణ్ణి పాతికేళ్ళకు పైగా చూశాడు. తాను రాసిన వాక్యాన్ని తానే చదువుకోలేని ఆ మనిషి, మాటకు మాట వెతుక్కుంటూ, మూడువేల పేజీలు రాశాడు. ఆ రాతలతో లూరియా 1971లో పుస్తకం వేశాడు. ఆ సైనికుడికి నయం కాలేదు. అయితే ఆ మూడువేల పేజీలు రాస్తున్నంత కాలం అతను కేవలం రోగి కూడా కాదు. జ్ఞాపకాలు మనం వుండే సమూహంలోనే నిలబడతాయని 1925లో రాసిన ఫ్రెంచి సామాజికశాస్త్రజ్ఞుడు ఆల్‌బ్వాక్స్ 1945లో నాజీల బూకెన్‌వాల్డ్ శిబిరంలో చనిపోయాడు. ఆయన చెప్పినమాట సత్యమని మా వంటింటి కేలండరు రోజూ రుజువుచేస్తుంది.

ఇక్కడ మన సాహిత్య వాతావరణాన్ని గురించి ఒక మాట. సంప్రదాయవాదులు ధారణను దైవదత్తమన్నారు. తిరుపతి వేంకటకవులు ఇద్దరూ కలిసి అవధానం చేశారనీ, ప్రశ్న వేసేవాళ్ళు చుట్టూ వుంటేనే అవధానమనేది సాధ్యమనీ వాళ్ళకు తట్టదు. అభ్యుదయవాదుల్లో కొందరు ధారణంటే బట్టీ అనీ, ఆలోచన వుంటే చాలుననీ కొట్టిపారేశారు. జ్ఞాపకం లేనిదే ఆలోచన ఒక వాక్యం దాటి రెండో వాక్యానికి పోలేదు. ఆ సంగతి నాకు రోజూ తెలుస్తోంది. ఇరుపక్షాలూ జ్ఞాపకాన్ని ఒక మనిషి తలలో దాచుకున్న ఆస్తిగానే చూశాయి. ఒకరు ఆ ఆస్తికి హారతి పట్టారు, ఇంకొకరు దాన్ని చులకన చేశారు. అది ఆస్తి కాదు, పదిమంది చేతుల మీదుగా జరిగే పని.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. ప్రాణం దక్కిందని చెప్పడం వైద్యుడి అధికారం. నయమైందని చెప్పడానికి వైద్యుడు ఒక్కడూ చాలడు. నయమవడమంటే జబ్బుకు ముందున్న మనిషి తిరిగి రావడమైతే, నా వంటివాళ్ళలో చాలామందికి ఎన్నటికీ నయం కాదు. నయమవడమంటే ఇప్పుడున్న మనిషి చెయ్యగలిగిన పని ఆమె చేతికి రావడం, చెయ్యలేనిది ఇతరులు పంచుకోవడం అయితే, అది సాధ్యమే. అది మెదడు మీద కంటే ఇంటి మీదా, పనిచేసేచోటు మీదా, చట్టం మీదా ఎక్కువ ఆధారపడుతుంది. ఇంట్లో ముందుకొచ్చేవాళ్ళు లేని కూలిమనిషికీ, రాయడం చదవడం రాని ముసలమ్మకూ ఇదే జబ్బు వస్తే, నోటుపుస్తకం పద్ధతి ఏ ఆసుపత్రీ నేర్పదు. వాళ్ళ ఇళ్ళల్లో "ఆ జ్వరం తరవాత మనిషి మారిపోయింది" అనే ఒక్క వాక్యంతో కథ ముగుస్తుంది.

ఆ వాక్యంతో మొదలయ్యే కథలు మన రచయితలు రాయాలి. దయ కోసం కాదు. మనిషి మారిపోయిన తరవాత ఆ ఇంట్లో ఎవరి పని ఎవరి మీద పడిందో, ఎవరు దాన్ని మోశారో, ఎవరు తప్పించుకున్నారో రాస్తే చాలు. ఇక అధ్యాపక మిత్రులకు ఒక సూచన. మన సంఘాలు ప్రతి ఏడూ కోర్కెల పత్రం తయారుచేస్తాయి. పేస్కేళ్ళూ, బకాయిలూ అందులో వుండవలసిందే. ఇరవయ్యో సెక్షన్ ఇచ్చే రక్షణ కాంట్రాక్టు అధ్యాపకులకూ, గంటల లెక్కన పనిచేసేవాళ్ళకూ వర్తించాలనే వాక్యం ఒకటి ఆ పత్రంలో చేర్చండి. జబ్బు నుంచి తిరిగి వచ్చినవాళ్ళకు మొదటి ఏడాది తగ్గించిన క్లాసులూ పూర్తి జీతమూ వుండాలనే వాక్యం ఇంకొకటి. తరవాతి సమావేశానికి ముందు యీ రెంటినీ గుర్తుచేసే బాధ్యత మాత్రం నా ఒక్కదానిమీద పెట్టకండి. మినిట్స్ పుస్తకంలో రాయించండి.